బృందగానమా, వంతపాటా?

సామాన్యుడు సంగీతం వినవచ్చు. మెచ్చుకోవచ్చు. కావాలంటే సభకు చందా కూడా ఇవ్వవచ్చు. పాడటం మాత్రం కూడదు. పాడితే సంగీతం చెడిపోతుంది. ఈ మాటను ఇంత మొరటుగా ఎవరూ అనరు. సంప్రదాయమనీ, సాధన అనీ, గురుముఖమనీ మర్యాదైన మాటల్లో చుట్టి అంటారు. కాని కర్నూలులోనూ కడపలోనూ జరిగే సంగీతసభలను నాలుగైదేళ్లు వరసగా చూసినవాడికి, చుట్టిన గుడ్డ విప్పి లోపలి సరుకు చూడడానికి పెద్ద తెలివితేటలు అక్కరలేదు. వేదిక మీద ఒకరు, పక్కన ముగ్గురు, కింద వందమంది. ఆ వందమందికీ అప్పగించిన పని చప్పట్లు కొట్టడం.

త్యాగరాజు కృతుల విషయంలో ఈ ఏర్పాటును సమర్థించేవాళ్లకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంది. శిష్యపరంపర ఉంది, నోటి నుంచి నోటికి వచ్చిన పాఠం ఉంది. కాని తాళ్లపాక పాటల విషయంలో కూడా ఇదే ఏర్పాటును, ఇదే వాదంతో, మన సీమలోనే సాగిస్తుంటే ఊరుకోవడానికి వీలులేదు. ఎందుకంటే ఆ పాటల్లో చాలావాటిని కట్టినవాడు ఒక్క గొంతుకోసం కట్టలేదు. పదిమంది రైతులు, కూలీలు, విద్యార్థులు, వాళ్లకు తోడు ఊళ్లో వాయించగలిగినవాళ్లు కలిసి పాడడానికే అవి తగినవి. ఏదో వార్షికోత్సవంలో రెండు పాటలు పాడి దిగిపోవడం గురించి నేను మాట్లాడడంలేదు. నెలల తరబడి సాధనచేసి, ఒక పెద్ద రచనను మొదటినుంచి చివరిదాకా వేదిక ఎక్కించడం గురించి మాట్లాడుతున్నాను.

ముందు పాటల సంగతి చూద్దాం. రాజంపేట పక్కనున్న తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య 1424 నుంచి 1503 దాకా సంకీర్తనలు చెప్పాడని రాగిరేకు మీదే చెక్కి ఉంది. పాత కర్నూలు జిల్లాలోని అహోబిలంలో శఠకోపయతి దగ్గర చదువుకున్నాడని ఆయన మనుమడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది. దేవుని కడప మీద, ఒంటిమిట్ట మీద, అహోబిలం మీద పాటలున్నాయి. అంటే మన బస్సులు తిరిగే దారిలోనే ఆ పాటలూ తిరిగాయి. ఇక వాటి రూపాలు చూడండి: జాజర, సువ్వి, గొబ్బి, కోలాటం, ఉయ్యాల, లాలి, ఏల. వీటిలో ఒంటరిగా పాడుకునేది ఏది? రోకటి దగ్గర ఇద్దరుంటేగాని సువ్విపాట నడవదు. గొబ్బెమ్మ చుట్టూ ఒక్కతే తిరిగే పిల్లను నేనెక్కడా చూడలేదు. కోలాటమాడడానికి రెండు వరసలు కావాలి. లాలి ఒక్కటే తల్లి ఒంటరిగా పాడుకోగలిగింది; అది కూడా దేవుడికి పాడేటప్పుడు గుంపుపాటే అవుతుంది. అన్నమయ్య మరో మనుమడు చినతిరుమలాచార్యుడు తెలుగులో సంకీర్తన లక్షణం రాసినప్పుడు ఏలలను, గొబ్బిపదాలను, చందమామ పదాలను లక్షణగ్రంథంలోకి తీసుకోవడానికి సిగ్గుపడలేదు. ఆ సిగ్గు మన కాలపు పండితులకు వచ్చింది.

సరే, గురుముఖం మాట. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారం నుంచి రెండువేలకు పైగా రేకులు ఇరవయ్యో శతాబ్దంలో వెలుగులోకి వచ్చాయి. పాటల రేకుల మీద ఏముంది? సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, శృంగారమో అధ్యాత్మమో ఉంది. స్వరం లేదు. అంటే బాణీ పోయింది. 1949 తరువాత తిరుపతి చేరిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు నూరుకు పైగా పాటలకు స్వరాలు కట్టారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక మరెందరో విద్వాంసులు వేల పాటలకు కట్టారు, పాడారు, అచ్చువేయించారు. ఆ కృషిని తక్కువచేసేవాడు మూర్ఖుడు. కాని ఆ కృషి ఏం రుజువు చేస్తున్నది? ఇవాళ కచేరీల్లో మనం వింటున్న అన్నమయ్య బాణీలు దాదాపు అన్నీ గత డెబ్బై, ఎనభై ఏళ్లలో పుట్టినవని. రేకు మీద ఒక రాగం ఉంటే పాట మరో రాగంలో వినిపించడం కూడా వింత కాదు. తప్పని నేననను, పాట బతకడానికి ఎవరో ఒకరు బాణీ కట్టక తప్పదు. అయితే కచేరీ విద్వాంసుడు కడితే అది సంప్రదాయం, చెక్కభజన గురువు కడితే అపచారం అనే తీర్పు ఏ రేకు మీద చెక్కి ఉంది? తెగిపోయిన పరంపరను చూపించి, పరంపర పేరుమీద ఇతరులను గెంటివేయడం అన్యాయమే కాదు, హాస్యాస్పదం కూడా.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. యూరప్‌లో పదిహేడో శతాబ్దం మొదట్లో, వాళ్లు బరోక్ అనే యుగం తలుపు తెరుచుకుంటున్నప్పుడు, మోంటెవెర్డి అనే ఇటలీ సంగీతకర్త సాయంకాల ప్రార్థనలకోసం ఒక మహారచన చేసి 1610లో వెనిస్‌లో అచ్చువేయించాడు. అందులో ఒక కీర్తనను అయిదేసి గొంతుల చొప్పున రెండు బృందాలు, మొత్తం పది గొంతులు, ఎదురెదురుగా పాడాలి. ఆ కాలపు రచనల్లో అడుగు స్వరం ఒక్కటే రాసి, పైన నింపవలసినదాన్ని వాయించేవాళ్ల తెలివికి వదిలేసేవారు. చాలాచోట్ల ఏ వాద్యమో కూడా చెప్పరు. అంటే అక్కడా కాగితం మీద ఉన్నది సగమే. మిగతా సగం పాడేవాళ్లే నింపాలి. అయినా ఆ రచనను ఇవాళ ప్రపంచం నలుమూలలా పాడుతున్నవాళ్లలో చాలామంది వృత్తి గాయకులు కారు. బడిపంతుళ్లు, నర్సులు, గుమాస్తాలు, పదవీవిరమణ చేసినవాళ్లు. వారానికొక సాయంత్రం కలుసుకుని, నెలల తరబడి సాధనచేసి పాడతారు. వాళ్లు మోంటెవెర్డిని చెడగొట్టారని ఎవరైనా అంటే అక్కడి సంగీతజ్ఞులే నవ్వుతారు.

ఇక మన మిత్రుల దగ్గరికి వద్దాం. పండితుడితో తగాదా సులభం. సొంత ఇంట్లో తగాదాయే కష్టం. "ఇదంతా భక్తి. భూస్వామ్య సంస్కృతి. దేవాలయపు ఆస్తి. దీంతో మనకేం పని?" అని మన సంఘం సమావేశాల్లోనే అడిగేవాళ్లున్నారు. అన్నమయ్యను విప్లవకవిగా నిలబెట్టే అవసరం నాకు లేదు. తాళ్లపాకవాళ్లు ఆలయాన్నీ, ఆలయాన్ని పోషించిన రాజ్యాన్నీ ఆశ్రయించి బతికినవాళ్లు. తిరుమల శాసనాల్లో వాళ్ల పేర్లూ, వాళ్ల దానాలూ ఉన్నాయి. నిజమే. కాని ఆ ఆస్తిని ఎవరికి వదిలేస్తున్నాం? 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తరఫున వేమన మీద ఉపన్యాసాలిచ్చి, వేమనను పండితుల తిరస్కారం నుంచి బయటికి లాగిన రాళ్లపల్లివారే తాళ్లపాక పాటలకు స్వరాలు కట్టారు. వేమన మనవాడని ఆ పుస్తకాన్ని ఎత్తుకుని తిరిగే మనం, అదే మనిషి చేసిన రెండో పనిని దేవస్థానం ఖాతాలో వదిలేయడం వివేకమా?

జర్మనీ కార్మికులు ఇలా ఆలోచించలేదు. 1908లో వాళ్లు తమ గాయక సంఘాలన్నిటినీ ఒక సమాఖ్యగా కట్టుకున్నారు. పోరాట గీతాలతో సరిపెట్టుకోలేదు. 1918 డిసెంబరు 31 రాత్రి, యుద్ధం ముగిసి రెండు నెలలు కూడా కాకముందే, లైప్‌జిగ్‌లో కార్మిక విద్యాసంస్థ ఏర్పాటు చేసిన సభలో, నికిష్ నిర్వహణలో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ పాడారు. చివరి బృందగానం కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టే వేళకు అందేట్టు రాత్రి పొద్దుపోయాక మొదలుపెట్టారు. ఇది మాది కాదు, దొరలది అని వాళ్లు అనుకుని ఉంటే ఆ రాత్రి లేదు. ఆ గాయక సంఘాలను 1933లో నాజీలు అణచివేశారు. పాడేవాళ్ల గుంపు అంటే ఏమిటో వాళ్లకు బాగా తెలుసు గనకనే అణచివేశారు.

అయితే గుంపు చేరినంత మాత్రాన బృందగానం అయిపోదు. 2009 మే 10న సికింద్రాబాదు పరేడ్ మైదానంలో 1,60,000 మంది కలిసి అన్నమయ్య పాటలు ఏడింటిని పాడారు. గిన్నిస్ పుస్తకంలో నమోదయింది. ఎక్కడెక్కడినుంచో వచ్చి, నేర్చుకుని, ఎండలో కూర్చుని పాడినవాళ్ల మీద నాకు గౌరవమే ఉంది. కాని ఆ ఏర్పాటులో పాడేవాడి విలువ ఏమిటి? లెక్కలో ఒక అంకె. ఒకడు అపశ్రుతిలో పాడినా, అసలు పాడకపోయినా తేడా రాదు. రాకపోతే మాత్రం అంకె తగ్గుతుంది. బృందగానంలో జరగవలసింది దీనికి సరిగ్గా తలకిందులు. ఇరవైమందిలో ఒకడు తప్పితే మిగతా పందొమ్మిదిమందికీ తెలుస్తుంది. ఇంకొక సంగతి కూడా గమనించాలి. సప్తగిరి సంకీర్తనలని పేరుపెట్టి ఎంచిన ఆ ఏడింటిలో "బ్రహ్మమొక్కటే" లేదు. ఏలికకు పట్టే నిద్రకూ సేవకుడికి పట్టే నిద్రకూ తేడా లేదనీ, అగ్రకులంవాడు తొక్కే నేలా అంత్యజుడు తొక్కే నేలా వేరు కావనీ చెప్పే పాట అది. తందాన అంటూ గుంపు అందుకోవడానికే కట్టిన పాట. లక్షమంది గొంతులకు తగిన పాట తాళ్లపాక భాండారంలో ఏదైనా ఉంటే అది మొదటిది. కచేరీలో దాన్ని ఒక్కరు పాడతారు, మనం తల ఊపుతాం.

మరి మన సభల్లో మనం ఏం చేస్తున్నాం? ముందు ఒక నాయకుడు గొంతెత్తుతాడు, వెనక నలుగురు అతని పంక్తినే తిరిగి అంటారు. నాయకుడికి జ్వరం వస్తే పాట లేదు. ఇది బృందగానం కాదు, వంతపాట. ఆ మాటకొస్తే వంత అనే మాటను కూడా మనం అవమానిస్తున్నాం. 1943 తరువాత ప్రజానాట్యమండలి ఊరూరా తిప్పిన బుర్రకథలో వంతలిద్దరికీ సొంత పని ఉంది: ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. నాజర్ పక్కనున్న వంత కథకుణ్ణి నిలవేసి అడిగేవాడు, వెక్కిరించేవాడు, జనం తరఫున అనుమానం పడేవాడు. మన ఇప్పటి వంతకు ఆపాటి హక్కు కూడా లేదు. సమష్టిని గురించి ఇంతగా మాట్లాడే మనం, పాట దగ్గరికి వచ్చేసరికి ఒక్కడి మీద ఆధారపడడం ఏమి సిద్ధాంతమో నాకు బోధపడదు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ 1971లో మద్రాసు యూత్ కోయిర్ మొదలుపెట్టి, మామూలు యువతీయువకుల చేత అనేక భాషల పాటలను వేరువేరు గొంతుల వరసల్లో పాడించాడు. ఆయన మన సీమవాడని తెలిసినవాళ్లు మన సంఘంలో ఎందరున్నారు?

పాడేవాళ్లు ఎక్కడ దొరుకుతారు అనే ప్రశ్నకు జవాబు ప్రతి ఊళ్లోనూ ఉంది. చెక్కభజన జట్టు ఉంది. పంట పనులు సడలిన రోజుల్లో, రాత్రి భోజనాలయ్యాక, గురువు అడుగు నేర్పుతుంటే పాతికమంది చేతుల్లో చెక్కలతో, కాళ్లకు గజ్జెలతో, పాడుతూ అడుగు వేసే జట్టు. ఊపిరి, అడుగు, తాళం, మాట నాలుగూ ఒకేసారి నిలపగలిగిన ఈ మనుషులను సంగీతం రానివాళ్లంటున్నాం. పండితులు గాని మన మిత్రులు గాని పేరైనా ఎత్తని మరో బృందం చర్చిలో ఉంది. లండన్ మిషన్‌వాళ్లు కడపకు 1822లో వచ్చారు. ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతాల్లో ఆంగ్లికన్లు స్థిరపడ్డారు. ఆ చర్చిల్లో మాలమాదిగ కుటుంబాలవాళ్లు తరాలుగా వారం వారం కలిసి పాడుతున్నారు. వాళ్ల చేతిలో ఉండే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి. క్రమం తప్పకుండా సాధన చేస్తూ, పుస్తకం చూసి పాడే అలవాటున్న బృందం సీమలో ఇంతకంటే పెద్దది లేదు. వాళ్లు అన్నమయ్యను పాడతారా అని కొందరు సందేహిస్తారు. మరియమ్మ స్తోత్రాన్ని నాస్తికులు పాడుతున్న లోకం ఇది. అడిగి చూడాలి, అడగకుండా వాళ్ల తరఫున మనమే కాదనడం మర్యాద కాదు.

మేము అడిగాం. మా కళాశాల పిల్లలు పద్నాలుగుమంది, పక్క ఊరి చెక్కభజన జట్టు, చర్చిలో పాడే అక్కచెల్లెళ్లు ఆరుగురు, ఒక హార్మోనియం, ఒక మృదంగం, రెండు డప్పులు. మూడు నెలలు సాధన జరిగింది. ఒక ఊళ్లో గుడి ముందున్న మండపం మీద పాడడానికి ముందే మాట ఇచ్చారు. తీరా ఆ సాయంత్రం పెద్దమనుషులు వచ్చి, అందరూ పాడవచ్చు గాని డప్పులు మాత్రం మండపం కింద ఉండాలన్నారు. కారణం అడిగితే ఆచారమన్నారు. పాడబోయే పాట "బ్రహ్మమొక్కటే". భజన గురువు అరవై దాటినవాడు, నా వైపు తిరిగి, "ఏం సార్, నేలంతా ఒకటేనని పాడాల, డప్పు మాత్రం కింద పెట్టాల. యాడన్నా కుదురుతాదా?" అన్నాడు. కుదరలేదు. అందరం దిగి బడి మైదానానికి వెళ్లి అక్కడ పాడాం. మండపం దగ్గర చేరిన జనంలో సగం మంది వచ్చారు, సగం మంది రాలేదు. ఇది సంగీతానికి సంబంధించని గొడవ అనేవాళ్లకు నా ప్రశ్న ఒకటే: డప్పు ఎక్కడ ఉండాలో తేలకుండా ఆ పాటకు తాళం ఎవరు వేస్తారు?

సాధనలో తేలిన ఒక సంగతి చెప్పాలి. ఈ పని తలపెట్టేవాళ్లకు మొదట ఎదురయ్యేది శ్రుతి. మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర శ్రుతి హాయి. ఆడవాళ్లకు అయిదు, అయిదున్నర. అందరినీ మూడులో పాడమంటే ఆడవాళ్లు కింద గొణుగుతారు, మగవాళ్లు పైన అరుస్తారు. మన గోష్ఠిగానాలు చాలావరకు ఇందుకే చెవికి అలసటగా ఉంటాయి. దీనికి మందు చెక్కభజనలోనే ఉంది. జట్టు ఎలాగూ రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడుతుంది. ఒక వరస ఆడవాళ్లది, ఒక వరస మగవాళ్లది చేసి, చరణాలు పంచాలి. ఒకటి శ్రుతిలో పంచమం ఎక్కడ పలుకుతుందో అయిదు శ్రుతిలో షడ్జమం అక్కడే పలుకుతుంది. కనక మగవాళ్ల చరణం పంచమం మీద ఆగితే, ఆ స్వరాన్నే ఆధారం చేసుకుని ఆడవాళ్లు తమ చరణం ఎత్తుకోవచ్చు. హార్మోనియం వాయించేవాడు తడుముకోనక్కరలేదు. జాజర, సువ్వి వంటి బాణీలు అయిదారు స్వరాలు దాటవు గనక పల్లవి అందరూ కలిసి అందుకోవచ్చు. రాగానికి హార్మొనీ తగిలిస్తే రాగం చెడుతుందని భయపడేవాళ్లు ఇక్కడ భయపడనక్కరలేదు. ఇందులో తగిలించింది ఏమీ లేదు. మోంటెవెర్డి పది గొంతులను రెండు బృందాలుగా ఎదురెదురు నిలిపిన పద్ధతికీ, మన కోలాటం వరసలకూ మధ్య ఉన్నది సముద్రమే గాని, తర్కంలో దూరం లేదు.

రెండో చిక్కు ఇంతకంటే పెద్దది; శాస్త్రంలో దానికి మందు లేదు. ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు ఊళ్లలో కార్తికంలో పాతికమంది ఉన్న జట్టు మాఘంలో పదిమంది కూడా ఉండదు. తక్కినవాళ్లు పిల్లాజెల్లాతో గుంటూరు మిరప కోతలకు వెళ్లిపోతారు. ఇళ్లకు తాళాలు, గడపలో ముసలివాళ్లు. ముప్ఫైయేళ్ల యుద్ధం జర్మనీని తినేస్తున్నప్పుడు డ్రెస్డెన్ ఆస్థానంలో గాయకులు చెల్లాచెదురైతే, షూట్స్ అనే సంగీతకర్త పెద్ద బృందాల రచన పక్కన పెట్టి, ఒక గొంతు మొదలు అయిదు గొంతుల దాకా, ఒక్క ఆర్గన్ తోడుతో సరిపోయే చిన్న రచనలు చేసి 1636లో, 1639లో అచ్చువేయించాడు. ఉన్నవాళ్లతో పాడించాడు. మనమూ అలాగే రెండు పాఠాలు సిద్ధం చేసుకోవాలి: మనుషులున్న నెలలకు పాతికమంది పాఠం, వలసనెలలకు అయిదుగురి పాఠం. వలస ఎందుకు పోతున్నారు, నీళ్లెందుకు లేవు అనే ప్రశ్నలను ఈ పత్రిక వేరే వ్యాసాల్లో అడుగుతూనే ఉంది, అడగాలి. కాని నీళ్లు వచ్చాక పాడుకుందాంలే అనేవాళ్లతో నేను ఏకీభవించను.

ఉగాది నాటికి చాలామంది తిరిగి వస్తారు. వానలు పడి దుక్కులు మొదలయ్యేదాకా రెండు నెలలు ఉంటుంది. సంఘం జిల్లా శాఖలు ఒక పేరున్న గాయకుణ్ణి పిలిపించి ఒక్క సాయంత్రానికి పెట్టే ఖర్చును ఆ రెండు నెలల మీద పెట్టాలని నా ప్రతిపాదన. కావలసినవి ఎక్కువ లేవు. శ్రుతి తప్పని హార్మోనియం ఒకటి, రాత్రి పదిదాకా దీపం వెలిగే బడిగది ఒకటి, సాధన అయ్యాక ఆడవాళ్లను ఇళ్ల దగ్గర దించడానికి ఒక ఆటో. డప్పులు ఊళ్లోనే ఉన్నాయి.